ఒకే గాటన: ఆకాను నుంచి స్టూవర్టుపురం దాకా

యెహోషువ గ్రంథం 7వ అధ్యాయంలో ఒక దొంగతనం కేసు ఉంది. యెరికో పట్టణం పడిపోయాక అక్కడి సొత్తు ఎవరూ ముట్టుకోకూడదని, అదంతా దేవుడికే చెందుతుందని ఆజ్ఞ. యూదా గోత్రంలో ఆకాను అనేవాడికి ఒక మంచి పైబట్ట, కొంత వెండి, ఒక బంగారు కమ్మీ కంటబడ్డాయి. ఆశపడ్డాడు. తెచ్చి తన డేరాలో నేల తవ్వి దాచాడు. ఆ తర్వాత హాయి అనే చిన్న ఊరి మీదికి వెళ్ళిన దండు ఓడిపోయి పరుగెత్తుకొచ్చింది. సుమారు 36 మంది చచ్చిపోయారు. ఎందుకిలా అయిందని యెహోషువ నేల మీద పడి మొత్తుకుంటే వచ్చిన జవాబులో ఆకాను పేరు లేదు. ఇశ్రాయేలు పాపం చేసిందని మాత్రం ఉంది.

మర్నాడు పొద్దున్నే దర్యాప్తు. జనాన్ని గోత్రాల వారీగా నిలబెట్టారు. యూదా గోత్రం తేలింది. అందులో జెరహు వంశం. ఆ వంశంలో జబ్ది ఇల్లు. ఆ ఇంటి మగవాళ్ళను ఒక్కొక్కరినే పిలిస్తే చివరికి ఆకాను. అతను ఒప్పుకున్నాడు, సొత్తు దొరికింది. దైవ నిర్ణయం సంగతి పక్కన పెట్టి చూసినా ఇది పకడ్బందీ పద్ధతి. కొమ్మ తర్వాత కొమ్మ వదిలేసుకుంటూ ఆకు దాకా వెళ్ళడం లాంటిది.

తీరా మనిషి దొరికాక కథ వెనక్కి తిరుగుతుంది. ఆకానుతో పాటు అతని కొడుకుల్ని, కూతుళ్ళని, ఎద్దుల్ని, గాడిదల్ని, గొర్రెల్ని, డేరాని కూడా ఆకోరు లోయకు తీసుకెళ్ళారు. ముందు రాళ్ళు, తర్వాత నిప్పు. దర్యాప్తు అంత ఓపిగ్గా ఒక్క మనిషి దాకా దిగింది. శిక్ష మాత్రం ఇంటిల్లిపాదికీ పాకింది.

ఇది చదివి ఇబ్బంది పడే మొదటివాళ్ళం మనమేం కాదు. తాల్మూదులోనే ఒక పెద్దమనిషి రబ్బీని నిలదీస్తాడు: ఆకాను తప్పు చేశాడు సరే, పిల్లలేం చేశారు? రబ్బీ తిప్పలు పడి, వాళ్ళను చంపడానికి కాదు, చూసి బుద్ధి తెచ్చుకోవడానికి తీసుకెళ్ళారని సర్దిచెప్తాడు. మూలం ఆ సర్దుబాటుకు పెద్దగా సహకరించదు. కానీ ప్రశ్న అడగాల్సి వచ్చిందన్నదే ముఖ్యం. పాత నిబంధన అంతటా ఈ ప్రశ్న నలుగుతూనే ఉంటుంది. ఒకరి తప్పుకి ఎంతమంది బాధ్యులు? ఏ హద్దు దగ్గర ఆగాలి? ఆ పుస్తకంలో ఈ వాదన ఎలా నడిచిందో ముందు చూద్దాం. ఆ తర్వాత అదే పుస్తకాన్ని చేత పట్టుకుని వచ్చినవాళ్ళు బాపట్ల, చీరాల మధ్య ఏం చేశారో చూద్దాం. రెండో సంగతి కోసమే నేను మొదటిది చదవడం మొదలుపెట్టాను.

* * *

గుంపుని శిక్షించడం మనకు అనాగరికంగా కనిపిస్తుంది, కానీ దాని వెనక ఒక లోకజ్ఞానం ఉంది. ఆ కాలంలో లెక్కకు వచ్చేది ఇల్లు. భూమి ఇంటిది, అప్పు ఇంటిది, పగ ఇంటిది, పేరు ఇంటిది. అలాంటప్పుడు తప్పు మాత్రం ఒక్కడిదే ఎలా అవుతుంది? మన ఇళ్ళలో కూడా రెండు మాటలూ ఒకే నోటి నుంచి వస్తాయి. పక్కింటివాడు చెడిపోతే, చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటాం. వాడి కొడుక్కి జబ్బు చేస్తే, పెద్దల పాపం పిల్లలకు తగిలిందంటాం. రెంటికీ పొంతన ఉందా అని ఎవరూ అడగరు.

పశ్చిమాసియాలో ఇది చట్టంగా కూడా ఉండేది. హమ్మురాబి శాసనంలో ఒక మేస్త్రీ కట్టిన ఇల్లు కూలి యజమాని చనిపోతే మేస్త్రీకి మరణశిక్ష. యజమాని కొడుకు చనిపోతే? మేస్త్రీ కొడుకుని చంపాలి. దాని లెక్కలో అది న్యాయమే. కొడుకు తండ్రి ఆస్తి, ఆస్తికి ఆస్తి చెల్లు.

హీబ్రూ ధర్మశాస్త్రంలో రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. పది ఆజ్ఞల్లో దేవుడు తనను ద్వేషించేవాళ్ళ దోషాన్ని మూడు నాలుగు తరాల దాకా పిల్లల మీదికి రప్పిస్తానంటాడు. తనను ప్రేమించేవాళ్ళకు వేయి తరాల దాకా కరుణ. మూడు నాలుగు తరాలంటే ఒకే కప్పు కింద బతికే ఉమ్మడి కుటుంబం అని కొందరు పండితుల వివరణ. తాత చేసిన తప్పు ఫలితం మునిమనవడు కళ్ళారా చూసే దూరం అది. ఇక ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం దీనికి పూర్తి ఎదురు. కొడుకు తప్పుకి తండ్రికి గానీ, తండ్రి తప్పుకి కొడుక్కి గానీ మరణశిక్ష వేయకూడదు, ఎవరి పాపానికి వాళ్ళే.

వైరుధ్యం కదా అనిపిస్తుంది. మామూలుగా ఇచ్చే సమాధానం, ఈ రెండూ వేర్వేరు కోర్టులవని. మొదటిది దేవుడు తన దగ్గర పెట్టుకున్న అధికారం. రెండోది మనుషుల న్యాయస్థానానికి గీసిన గీత. తరాల లెక్క తేల్చడం దేవుడికి చెల్లుతుందేమో, నీకు చెల్లదు, నీ ముందు నిలబడ్డవాడిని చూసి తీర్పు చెప్పు అని. యూదా రాజు అమజ్యా కథలో దీన్ని పాటించిన సందర్భం కూడా ఉంది. తండ్రిని చంపిన సేవకులకు మరణశిక్ష వేశాడు గానీ, మోషే ధర్మశాస్త్రం ప్రకారం వాళ్ళ పిల్లల జోలికి వెళ్ళలేదని రెండో రాజుల గ్రంథం పనిగట్టుకుని చెబుతుంది. పనిగట్టుకుని చెప్పాల్సి వచ్చిందంటే మిగతా రాజులు ఏం చేసేవాళ్ళో ఊహించుకోవచ్చు.

గీత దాటితే ఎలా ఉంటుందో చూపే కథ రెండో సమూయేలు 21వ అధ్యాయం. దావీదు కాలంలో మూడేళ్ళు కరువు. కారణం, ఎప్పుడో సౌలు గిబియోనీయుల్ని చంపించడం. సౌలు చనిపోయి చాలా కాలమైంది. గిబియోనీయులు అతని వంశంలో ఏడుగురిని అడిగారు, దావీదు ఇచ్చాడు, వాళ్ళను కొండ మీద వేలాడదీశారు. అందులో ఇద్దరు రిస్పా కొడుకులు. ఆ తల్లి బండ మీద గోనెపట్ట పరుచుకుని, కోతల కాలం నుంచి వాన కురిసే దాకా, పగలు పక్షులూ రాత్రి మృగాలూ శవాల్ని ముట్టకుండా కాపలా కాసింది. రచయిత ఎక్కడా దావీదుని తప్పు పట్టడు. రిస్పాని మాత్రం అక్కడ కూర్చోబెట్టి వదిలేస్తాడు. సామూహిక శిక్ష మీద ఇంతకన్నా గట్టి విమర్శ నేను చదవలేదు.

* * *

వాదన ముదిరింది యెరూషలేము పతనం దగ్గర. క్రీ.పూ. 597లో మొదటి చెర, 586 ప్రాంతంలో ఆలయం కాలిపోవడం. రాజుల గ్రంథం చెప్పే కారణం మనష్షే రాజు పాపాలు. మనష్షే ఎవరు? మంచి రాజుగా పేరుపడ్డ యోషీయాకి తాత. మనవడు దేశమంతా సంస్కరించినా తాత బాకీ తీరలేదన్నమాట. బబులోనులో కూలబడ్డ జనానికి ఈ వివరణ వింటే ఒళ్ళు మండి ఉంటుంది. వాళ్ళ నోట ఒక సామెత పుట్టింది. పచ్చి ద్రాక్ష తిన్నది తండ్రులైతే పళ్ళు పులిసింది పిల్లలకు అని దాని సారాంశం. యిర్మీయా, యెహెజ్కేలు ఇద్దరూ దాన్ని ఎత్తుకుని, ఇక ఈ సామెత చెల్లదంటారు.

యెహెజ్కేలు 18వ అధ్యాయం నాకు కోర్టు తీర్పులా అనిపిస్తుంది. కెబారు నది ఒడ్డున చెరలో ఉన్న ఈ పూజారి ప్రవక్త మూడు తరాల్ని వరసగా నిలబెడతాడు. నీతిమంతుడైన తండ్రి. దోచుకునే, రక్తం చిందించే కొడుకు. తండ్రిని చూసి భయపడి మంచిదారి పట్టిన మనవడు. మొదటివాడు బతుకుతాడు. రెండోవాడికి తండ్రి పుణ్యం అడ్డుపడదు. మూడోవాడికి తండ్రి పాపం అంటదు. ఒక్కో కేసులో వడ్డీ తీసుకున్నాడా, తాకట్టు తిరిగిచ్చాడా, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టాడా అని ఆరా. అంతటితో ఆగడు. చెడ్డవాడు మారితే పాత పద్దు కొట్టేస్తానంటాడు. అంటే వంశం నుంచి మనిషిని విడదీశాక, ఆ మనిషిని అతని గతం నుంచి కూడా విడదీశాడు. ఈ రెండో అడుగు సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

రబ్బీలు ఈ తెగింపుని గుర్తించారు. తాల్మూదులో మక్కోత్ అనే భాగంలో ఒక మాట ఉంది: మోషే ఇచ్చిన నాలుగు కఠిన తీర్పుల్ని నలుగురు ప్రవక్తలు వచ్చి రద్దు చేశారట. తరాల శిక్షను రద్దు చేసినవాడు యెహెజ్కేలు. మోషే మాటనే ఇంకొకరు రద్దు చేశారని ఒక మత సంప్రదాయం తనంతట తను రాసిపెట్టుకోవడం చిన్న విషయం కాదు.

దీన్ని చూసి 20వ శతాబ్దపు పండితులు కొందరు ఒక చక్కటి మెట్ల వరస తయారుచేశారు: మొదట గుంపు, తర్వాత వ్యక్తి, అదే నాగరికత. హెచ్. వీలర్ రాబిన్సన్ 1930ల్లో ప్రచారంలో పెట్టిన 'సామూహిక వ్యక్తిత్వం' సిద్ధాంతం ఈ తరహా చదువుకి బాగా పనికొచ్చింది. 1995లో జోయెల్ కమిన్‌స్కీ దీని మీద ఒక పుస్తకమే రాసి, విషయం అంత తిన్నగా లేదని చూపించాడు. యెహెజ్కేలు పుస్తకంలోనే, మూడు అధ్యాయాలు దాటితే, దేవుడి కత్తి మంచివాడినీ చెడ్డవాడినీ కలిపే నరుకుతుందని ఉంది. పైగా 18వ అధ్యాయంలో ఆయన మాట్లాడేది ఒక మనిషితో కాదు, ఇశ్రాయేలు ఇంటివారందరితో. తండ్రుల మీదికి నెట్టకండి, మీ తరం సంగతి మీరు చూసుకోండని.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎవరి ఫలం వాళ్ళదే అని గట్టిగా పట్టుకుంటే, బాధ పడుతున్నవాడు ఏదో చేసే ఉండాలి అన్న చోటికి చేరతాం. యోబు స్నేహితుల లాజిక్ అదే. పదిమంది బిడ్డల్ని పోగొట్టుకున్న తండ్రి ముందు కూర్చుని బిల్దదు, నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే పోయారు అన్న ధోరణిలో మాట్లాడతాడు. గుంపు లెక్కలో పిల్లలు తండ్రి కోసం చావాలి. వ్యక్తి లెక్కలో చచ్చారు కాబట్టి దోషులవ్వాలి. వాళ్ళు ఏం చేశారో చూసినవాళ్ళు రెండు లెక్కల్లోనూ లేరు. అందుకే గుంపా వ్యక్తా అన్న ప్రశ్న కంటే, ఎదుటి మనిషి చేసిన పనిని ఎవరైనా నిజంగా చూశారా అన్న ప్రశ్న పెద్దదని నాకనిపిస్తుంది.

* * *

ఇప్పుడు మన నేలకి వద్దాం. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చింది. మొదట ఉత్తర భారతానికి. శాసన మండలిలో దాన్ని సమర్థించిన వాదన సులువైనది. ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, నేతగాడి కొడుకు నేతగాడవుతాడు, కాబట్టి దొంగ కొడుకు దొంగే అవుతాడని. కులం గురించి సగం తెలిసినవాడు చేసే వాదన. 1911లో కొత్త చట్టం వచ్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించింది. ప్రభుత్వం ఒక తెగని నేరస్థ తెగగా నోటిఫై చేస్తే చాలు. ఆ నోటిఫికేషన్ తప్పని ఏ కోర్టులోనూ వాదించడానికి లేదు. తెగలో పుట్టినవాళ్ళ పేర్లు రిజిస్టర్‌లోకి. పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాస్ కావాలి. తెగ మొత్తాన్నీ ఒక సెటిల్‌మెంట్‌కి తరలించవచ్చు, పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి పెంచవచ్చు. కొన్ని నేరాలకు రెండోసారి దొరికితే ఏడేళ్ళకు తగ్గని జైలు, మూడోసారి యావజ్జీవ ద్వీపాంతరం.

ఆకాను కథలో కనీసం ఒక దొంగతనం జరిగింది, ఒక దొంగ దొరికాడు. ఇక్కడ దర్యాప్తు తెగ దగ్గరే ఆగిపోయింది, అక్కణ్ణించి కిందికి దిగలేదు. దేవుడు తన దగ్గరే ఉంచుకున్నాడనుకున్న తరాల అధికారాన్ని ఒక ప్రభుత్వ శాఖ తీసుకుంది.

అన్నిటికన్నా విడ్డూరం వేలిముద్ర. ప్రపంచంలో ఒక మనిషిని ఇంకో మనిషి నుంచి కచ్చితంగా వేరు చేసే గుర్తు అది. 1911 చట్టం తెగలో నమోదైనవాళ్ళ వేలిముద్రలు తీసుకోమంది. ఒక్కరికే ఉండే గుర్తుని తీసుకున్నారు, అందర్నీ ఒకే గాటన కట్టడానికి.

ఎందుకు ఇలా చేస్తారు? చౌక కాబట్టి. ఎవరు చేశారో కనుక్కోవడానికి మనుషులు, సమయం, తెలివి, ఓపిక కావాలి. గంపగుత్తగా శిక్షించడానికి ఒక జాబితా చాలు. నేను చదివిన ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో ఒక ఫ్యాన్ రెక్క వంగితే అంతస్తు మొత్తానికి ఫైన్ పడేది. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. ఎక్కడి నుంచో ఒక మెషీన్ దాడి చేస్తే ఆ చుట్టుపక్కల అడ్రసులన్నిటినీ బ్లాక్ చేసి పడుకోవడం తేలిక. ఆ బ్లాక్‌లో ఇరుక్కున్న మిగతావాళ్ళెవరో చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఫ్యాన్‌కి, అడ్రసుకి, మనిషి పుట్టుకకి ఒకే పద్ధతి వాడితే ఎలా ఉంటుందన్నదే మిగతా కథ.

తెలుగు ప్రాంతంలో ఈ చట్టం బరువు ఎక్కువగా మోసినవాళ్ళలో ఎరుకలవాళ్ళు ఉన్నారు. తమిళ ప్రాంతంలో వీళ్ళనే కొరవలంటారు. మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన 'డిసానర్డ్ బై హిస్టరీ' పుస్తకంలో వీళ్ళ చరిత్ర తవ్వి తీశారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తాకీ లోపలి ప్రాంతాలకీ మధ్య తిరిగిన వర్తకులు వీళ్ళు. ప్రభుత్వ ఉప్పు విధానం, రైళ్ళు ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. అడవి చట్టాలు పశువుల మేతకీ వెదురుకీ అడ్డుపడ్డాయి. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవాళ్ళు అనుమానాస్పదులయ్యారు. ఎందుకు తిరుగుతున్నారన్న ప్రశ్నకి జవాబు ప్రభుత్వ దస్త్రాల్లోనే వేరే పేజీలో ఉంది. రెండు పేజీలూ కలిపి చదివినవాళ్ళు లేరు.

నేనుండే దుండిగల్ వైపు ఇదే కథకి ఇంకో ముక్క కనిపిస్తుంది. ఇది నిజాం రాజ్యం. ఎద్దుల బిడారులతో ధాన్యం మోసిన లంబాడాలు ఇక్కడ కూడా రోడ్లూ రైళ్ళూ వచ్చాక అదే దారి పట్టారు. వర్తకం పోయింది, నేరస్థులన్న ముద్ర వచ్చింది. భంగ్యా భుక్యా 'సబ్జుగేటెడ్ నోమాడ్స్' పుస్తకంలో ఈ క్రమాన్ని వివరంగా రాశారు. దుండిగల్ తండా మీదుగా ఆఫీసుకి వెళ్ళేవాళ్ళలో ఎంతమందికి తండా అన్న మాట వెనక బిడారు గుర్తొస్తుందో! పక్కనే డి. పోచంపల్లి. ఆ 'డి' అంటే దొమ్మర. దొమ్మరవాళ్ళు బీసీ-ఏ జాబితాలో 'విముక్త జాతులు, సంచార, అర్ధ సంచార జాతులు' అన్న తలకట్టు కింద ఉంటారు. గడ ఎక్కి ఆడిన మనుషుల పేరు బోర్డుల మీద ఒక ఇంగ్లిష్ అక్షరానికి కుదించుకుపోయింది. అపార్ట్‌మెంట్ బ్రోషర్‌లో అలాగే బావుంటుంది మరి.

* * *

1913లో బాపట్ల, చీరాల మధ్య రైలు దారి పక్కన ఎరుకలవాళ్ళ కోసం ఒక సెటిల్‌మెంట్ పెట్టారు. మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేరుతో స్టూవర్టుపురం అన్నారు. నడిపే బాధ్యత సాల్వేషన్ ఆర్మీది. తెలుగులో రక్షణ సైన్యం. కావలిలో ఇలాంటి సెటిల్‌మెంట్‌నే అమెరికన్ బాప్టిస్టులు నడిపారు.

సాల్వేషన్ ఆర్మీని మన దేశానికి తెచ్చిన ఫ్రెడరిక్ బూత్-టక్కర్ మామూలు మనిషి కాదు. ఐసీఎస్ ఉద్యోగం వదిలేసి, కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకుని తిరిగినవాడు. నేరస్థ తెగల్ని బాగు చేయడం గురించి 'క్రిమినోక్యూరాలజీ' అని ఒక పుస్తకం రాశాడు. పేరులోనే నేరాన్ని రోగం చేసి, చికిత్స తన దగ్గరుందన్నాడు. వాళ్ళను తను ముద్దుగా పిలిచిన మాట 'క్రిమ్స్'. ఇందులో ద్వేషం లేదు, నిజమైన జాలి ఉంది. స్టూవర్టుపురంలో బడి పెట్టారు, భూమి ఇప్పించారు, పనులు నేర్పారు. చీరాలలో పొగాకు కంపెనీ ఐఎల్‌టీడీ ఫ్యాక్టరీ వచ్చాక సెటిల్‌మెంట్ జనం అక్కడ కూలీలయ్యారు. పాస్ లేకుండా ఊరు దాటలేని కూలీ కంటే కంపెనీకి నమ్మకమైన కూలీ ఎవరుంటారు?

నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇది. సాల్వేషన్ ఆర్మీ మతం పూర్తిగా వ్యక్తి మీద నిలబడ్డ మతం. ఒక్కొక్క ఆత్మ విడిగా పశ్చాత్తాపపడాలి, విడిగా రక్షణ పొందాలి. తాత భక్తి మనవడికి పనికిరాదు. అంటే వీళ్ళు యెహెజ్కేలు పక్షం. ఆదివారం ప్రార్థనలో స్టూవర్టుపురం జనానికి చెప్పింది కూడా అదే అయ్యుండాలి: నువ్వు మారితే నీ పాత పద్దు పోతుందని. సోమవారం పొద్దున హాజరు పిలిచేటప్పుడు చేతిలో ఉన్న రిజిస్టర్ మాత్రం నిర్గమకాండం పక్షం. పాపం క్షమించినా పేరు కొట్టేయరు. మారినవాడి కొడుకు కూడా అదే తెగలో పుడతాడు. ఒకే మేనేజరు చేతిలో రెండు పుస్తకాలు, రెండూ ఒకదాన్నొకటి అబద్ధం చేసుకునేవి.

వాళ్ళకు ఇది కనిపించలేదా? చాలామందికి కనిపించకపోవడానికి కారణం వాళ్ళ మంచితనమేనని నా అనుమానం. శిక్ష వేస్తున్నామనుకుంటే ఎవరికి, ఏ నేరానికి అని అడుగుతాం. వైద్యం చేస్తున్నామనుకుంటే అడగం. అమజ్యా ముందు పెట్టిన గీత శిక్షకే. 'మీ మంచికే' అని మొదలుపెట్టిన పనికి ఆ గీత అడ్డురాలేదు.

* * *

మద్రాసు రాష్ట్రం ఈ చట్టాన్ని 1947లోనే తీసేసింది. దేశమంతటి పరిస్థితి చూడటానికి కేంద్రం వేసిన కమిటీకి అధ్యక్షుడు మన చిత్తూరు జిల్లా మనిషి మాడభూషి అనంతశయనం అయ్యంగార్. 1952 ఆగస్టు 31న చట్టం పూర్తిగా రద్దయింది. ఆ తెగలు విముక్త జాతులయ్యాయి.

దాని స్థానంలో రాష్ట్రాలు అలవాటు నేరస్థుల చట్టాలు తెచ్చుకున్నాయి. మద్రాసుది 1948లో, ఆంధ్రప్రదేశ్‌ది 1962లో. కాగితం మీద ఇది యెహెజ్కేలు గెలుపు. తెగ పేరు లేదు. ఒక మనిషి, అతనికి పడిన శిక్షలు, అతని రికార్డు. కానీ యెహెజ్కేలు రెండో అడుగు గుర్తుందా? మారినవాడి పాత పద్దు కొట్టేయాలి. ఈ చట్టం ఆ పద్దునే పట్టుకుని వేలాడుతుంది. ఇంకో సంగతి, ఆ రికార్డు ఎక్కడి నుంచి వచ్చింది? అనుమానం వస్తే ముందు ఎవరి గుడిసెకి వెళ్ళాలో పోలీసులకు 1911 నుంచి అలవాటే. గుంపు లెక్కతో పోగేసిన రికార్డుని వ్యక్తి లెక్కలో చదివితే యోబు స్నేహితుల వాదన తయారవుతుంది: ఇన్నిసార్లు పట్టుబడ్డాడంటే ఏదో చేసే ఉంటాడని. 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్ళలో కుల వివక్షని కొట్టేస్తూ, జైలు మాన్యువళ్ళలో విముక్త జాతుల మీద మిగిలిపోయిన ఇలాంటి రాతల్ని కూడా తప్పుపట్టాల్సి వచ్చింది. రద్దయి 72 ఏళ్ళు గడిచాక!

చట్టం చేతులు దులుపుకున్నాక పని సినిమా అందుకుంది. 1991లోనే 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్', 'స్టూవర్టుపురం దొంగలు' అని రెండు సినిమాలు. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు'. 1913 నుంచి 2023కి 110 ఏళ్ళు. తరానికి పాతికేళ్ళనుకుంటే నాలుగు తరాలు దాటాయి. నిర్గమకాండం దేవుడు కూడా నాలుగో తరం దగ్గర ఆగిపోయాడు.

ఆ ఊళ్ళో వేరే రకంగా పనిచేసినవాళ్ళూ ఉన్నారు. 1970ల నుంచి అక్కడ సంస్కరణకు పూనుకున్న హేమలతా లవణం కవి గుర్రం జాషువా కూతురు, నాస్తికోద్యమ నాయకుడు గోరాకి కోడలు. ఆమె, భర్త లవణం మనుషుల్ని ఒక్కొక్కరిగా కలిశారు, కేసుల గురించి మాట్లాడారు, ఉపాధి కోసం తిరిగారు. కెబారు ఒడ్డున దేవుడి పేరుతో పలికిన మాటని చివరికి నాస్తికులు ఆచరించడం నాకు వింతగా ఏం అనిపించదు. ఆ మాట పనిచేయడానికి ఎవరో ఒకరు ఎదుటి మనిషి పేరు అడగాలి, అంతే.

పాత నిబంధనలో గుంపు శిక్షల్లోకెల్లా భయంకరమైనది కోరహుది. మోషే మీద తిరగబడ్డ ఆ కథ సంఖ్యాకాండం 16వ అధ్యాయంలో ఉంది. భూమి నోరు తెరిచి ఇళ్ళకు ఇళ్ళనే మింగేసిందని రాశారు. పది అధ్యాయాల తర్వాత, జనాభా లెక్కల జాబితాలో, ఎవరూ చదవని చోట ఒక చిన్న మాట ఉంటుంది: కోరహు కొడుకులు మాత్రం చావలేదని. కీర్తనల గ్రంథంలో కొన్ని పాటలకు శీర్షికలో కోరహు కుమారుల పేరుంటుంది. ఆలయంలో పాడినవాళ్ళు వాళ్ళే. తండ్రి పేరు తీసేయలేదు, పొట్టి అక్షరంగా కుదించుకోలేదు. ఆ పేరుతోనే పాడారు.

2018లో గోల్డ్ కోస్ట్ కామన్‌వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో మన రాగాల వెంకట్ రాహుల్ బంగారు పతకం తెచ్చాడు. ఎత్తిన మొత్తం 338 కిలోలు. స్టూవర్టుపురం కుర్రాడు. నేను చదివిన వార్తల్లో సగం అతని బరువుల కంటే ముందు ఆ ఊరి గతాన్నే ఎత్తుకున్నాయి. ఎత్తింది అతను. ఎప్పుడో, ఎవరో, ఎందుకో రాసిపెట్టిన రిజిస్టర్‌ని ఇంకా చదువుతున్నది మనం.